పగడాల ట్యాంకులో చీడ: డిప్‌కి లొంగని గుడ్డు

ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్త పగడం సాధారణంగా ఒక బిళ్ల మీద అతుక్కునే వస్తుంది. చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్ద సిమెంటు బిళ్ల, దాని మీద వేలి గోరంత పగడపు ముక్క. ఈ ముక్కని ఫ్రాగ్ అంటారు. చెన్నై నుంచో ముంబై నుంచో థర్మోకోల్ పెట్టెలో విశాఖ చేరిన ఫ్రాగ్‌ని సంచిలోంచి తీయగానే అందరి కళ్లూ రంగు మీదికే పోతాయి. ఆకుపచ్చ ఎంత మెరుస్తోంది, కొసలు ఊదాగా ఉన్నాయా లేవా అని చూస్తారు. బిళ్లని తిరగేసి చూసేవాళ్లు తక్కువ. చూడాల్సింది అక్కడే. పగడం ఒళ్లు ఆగిపోయి వట్టి సున్నపు అస్థిపంజరం మొదలయ్యే అంచున, గసగసాల గింజ కన్నా చిన్నవి, బెల్లం రంగు చుక్కలు గుంపుగా అంటుకుని ఉన్నాయంటే ఆ ముక్క ఒంటరిగా రాలేదన్నమాట.

అవి కొమ్మల్లా పెరిగే అక్రోపోరా అనే పగడాన్ని తినే చదును పురుగు గుడ్లు. పగడాల ట్యాంకులకి పట్టే చీడల్లో బాగా భయపెట్టేది ఇదే. దీని కథ కూడా విచిత్రంగా ఉంటుంది. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టి వివరించింది 2011లో, అదీ అక్వేరియాల్లో దొరికిన పురుగుల్ని చూసి. సముద్రంలో ఇది ఉందని ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో కనిపెట్టింది ఆ మరుసటి ఏడాది. అప్పటికే ఇళ్లలో ట్యాంకులు పెట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి దీనితో కుస్తీ పడుతున్నారు. సముద్రంలో దీన్ని ఏరుకుతినే చేపలున్నాయి, పగడానికీ పగడానికీ మధ్య దూరముంది. ఇంట్లో రెండు వందల లీటర్ల గాజు పెట్టెలో ఆ రెండూ లేవు. సముద్రంలో ఎవరి కంటా పడని పురుగు ఇక్కడ నాలుగు నెలల్లో ట్యాంకులో ఉన్న అక్రోపోరా మొత్తాన్ని తెల్లటి ఎముకల గూడు చేసి వదిలేస్తుంది.

విశాఖలో ఈ అభిరుచి ఉన్నవాళ్లు చాలామంది మొదట్లో చేసే పొరపాటు ఒకటుంది. ఎదురుగా బంగాళాఖాతం ఉంది కాబట్టి చీడ సముద్రపు నీళ్లతో వస్తుందని అనుకుంటారు. రుషికొండ దగ్గర క్యాన్లలో పట్టుకొచ్చిన నీళ్ల మీద అనుమానం, దుకాణంలోంచి తెచ్చిన ఫ్రాగ్ మీద నమ్మకం. నిజానికి జరిగేది తలకిందులుగా ఉంటుంది. పగడాన్ని తిని బతికే పురుగుల్లో చాలావాటికి ఒకటి రెండు జాతుల పగడం తప్ప వేరే తిండి పడదు. అవి ఉండేది ఆ పగడం ఉన్నచోటే. మన దేశంలో పేరున్న పగడపు దిబ్బలు లక్షద్వీప్‌లో, అండమాన్, నికోబార్‌లో, మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో ఉన్నాయి. విశాఖ తీరంలో అలాంటి దిబ్బలు లేవు. కాబట్టి అక్రోపోరా పురుగు రుషికొండ కెరటంలో కొట్టుకొచ్చే అవకాశం దాదాపు లేనట్టే. వచ్చేదంతా ఆ బొత్తాం బిళ్ల మీదే వస్తుంది.

అలాగని బీచ్ నీళ్లు వాడమని చెప్పడం కాదు. వాటితో వచ్చే తలనొప్పి వేరు. నైరుతి వానలు ముగిసే సరికి గంగ, మహానది లాంటి నదుల మంచినీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగి వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడి ఒడ్డు నీళ్ల ఉప్పదనం లీటరుకి 30 గ్రాముల కిందికి పడిపోతుంది. పగడానికి కావాల్సింది 35. ఆ తేడాకే పగడం నీరసించిపోతుంది. నీరసించిన పగడానికి చిన్న చీడ కూడా పెద్దదే.

ఈ మొత్తం వ్యవహారంలో ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. పగడాల చీడకి మందు లేక కాదు ట్యాంకులు పోయేది. మందులున్నాయి, పురుగుని చంపుతాయి కూడా. అవి చంపేది నడిచే పురుగుని మాత్రమే. గుడ్డుని ముట్టుకోవు. డిప్ అంటే పగడాన్ని మందు కలిపిన ఉప్పునీళ్లలో ఐదు నుంచి పదిహేను నిమిషాలు ఉంచి, జాడించి తీయడం. ఆ కాసేపట్లో పురుగు విలవిల్లాడి కింద పడుతుంది, చూసినవాళ్లకి పని అయిపోయిందన్న తృప్తి కలుగుతుంది. గుడ్డు చుట్టూ గట్టి పెంకు ఉంటుంది. దానిలోకి మందు దిగదు. పది రోజుల తర్వాత అది పొదిగి బయటికొస్తుంది. అప్పటికి పగడం పెద్ద ట్యాంకులో, రాయికి అతికించి ఉంటుంది. ఇక మళ్లీ దాన్ని బయటికి తీయాలంటే విరగ్గొట్టాల్సిందే.

ఇక్కడ లెక్క చాలా సూటిగా ఉంటుంది. అక్రోపోరా చదును పురుగు మీద జరిగిన పరిశోధనల ప్రకారం 27 డిగ్రీల నీళ్లలో దాని తరం మొత్తం, అంటే గుడ్డు నుంచి పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్డు పెట్టే దాకా, 38 రోజుల్లో తిరిగిపోతుంది. నీళ్లు చల్లబడితే గుడ్డు ఆలస్యంగా పొదుగుతుంది, వేడెక్కితే తొందరగా పొదుగుతుంది. అందుకే ఆ పరిశోధకులు డిప్‌కీ డిప్‌కీ మధ్య నీళ్ల వేడికి తగ్గ ఎడం పెట్టి పదే పదే చేయమన్నారు. మొదటి డిప్‌కి పెద్దవి పోతాయి. తర్వాత పొదిగిన పిల్లలు ఎదిగి గుడ్లు పెట్టక ముందే రెండో డిప్ పడాలి. ఒక్క విడత తప్పిందా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మందు సీసా కన్నా గోడ మీది కేలెండర్ ఎక్కువ పని చేస్తుందని అనుభవం ఉన్నవాళ్లు అనేది ఇందుకే.

విశాఖ ఎండాకాలం ఈ లెక్కని ఇంకాస్త బిగిస్తుంది. హైదరాబాద్‌లో ట్యాంకు మీద చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి, ఎందుకంటే అక్కడి ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది. ఇక్కడ మే నెలలో ఒంటి మీది చెమటే ఆరదు, ట్యాంకులో నీళ్లు ఏం ఆరతాయి? ఫ్యాన్ తిరుగుతున్నా నీళ్లు ముప్ఫై దగ్గరే ఉంటాయి. నీళ్లని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. లేనివాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఏ చల్లటి దేశంలోనో 25 డిగ్రీల ట్యాంకులో కుదిరిన డిప్ విరామాన్ని చూసి ఇక్కడ 30 డిగ్రీల ట్యాంకులో అదే పాటిస్తే, రెండు డిప్‌ల మధ్యలో పురుగు ఒక అడుగు ముందుంటుంది. అదే వేడికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, పగడం నీరసపడుతుంది. చీడకి వేగం, పగడానికి నీరసం రెండూ ఒకేసారి.

ఆ పురుగుని కంటితో పట్టుకోవడం ఎందుకంత కష్టమో చెప్పుకోవాలి. అది పగడాన్ని తిని పగడం రంగునే ఒంట్లో దాచుకుంటుంది. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు, దాని రంగు కణాలు పురుగు పొట్టలోంచి పైకి కనిపిస్తుంటాయి. గోధుమరంగు పగడం మీద గోధుమరంగు పురుగు, ఉల్లిపొరలా పల్చగా అంటుకుని ఉంటుంది. కంటికి కనిపించేది అది తిన్న గాటు మాత్రమే. కొమ్మ కింది వైపు, వెలుతురు తక్కువ పడేచోట, గుండుసూది తలంత గుండ్రటి పాలిపోయిన మచ్చలు. పగడానికి రంగు తగ్గింది, లైటు చాలట్లేదేమో అని చాలామంది లైటు పెంచుతారు. దాంతో పగడం ఇంకా చెడుతుంది. లైటు తగ్గినందుకు పాలిపోతే కొమ్మంతా ఒకేలా పాలిపోతుంది, పురుగు తింటే చుక్కలు చుక్కలుగా పాలిపోతుంది. తేడా అంతే, కానీ పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

పరీక్ష మాత్రం తేలిక. సూది లేని పెద్ద సిరంజితో ట్యాంకు నీళ్లే తీసి, కొమ్మల మీద గట్టిగా కొట్టాలి. పురుగు ఉంటే పల్చటి పొరలా ఊడి, గాలిలో ఆకులా మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. పక్కన చేప ఉంటే దాన్ని అక్కడే మింగేస్తుంది కూడా. అందుకే ఈ పరీక్షని తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలో చేయడం మంచిది. తెలుపు మీద ఏది పడినా కదలడం కనిపిస్తుంది.

మోంటిపోరా పగడానికి పట్టేది వేరే రకం. అది న్యూడిబ్రాంక్, అంటే పెంకు లేని సముద్రపు నత్త. బియ్యపు గింజ కన్నా చిన్నది, ఒళ్లంతా తెల్లటి కుచ్చులు. పళ్లెంలా పెరిగే మోంటిపోరా అంచు తెల్లబడుతూ, ఆ తెలుపు రోజుకింత లోపలికి జరుగుతుంటే దీన్నే అనుమానించాలి. పగలు పళ్లెం అడుగున దాక్కుంటుంది. గుడ్లు కూడా అక్కడే, తెల్లటి చిన్న ముద్దల్లా పెడుతుంది. దీని గుడ్డు చదును పురుగు గుడ్డు కన్నా తొందరగా పొదుగుతుంది కాబట్టి డిప్ వారానికోసారి పడాలి. ఇంకో మార్గం కూడా ఉంది. ట్యాంకులో మోంటిపోరా మొత్తాన్ని తీసి వేరే తొట్టెలో పెట్టి వైద్యం చేస్తూ, పెద్ద ట్యాంకుని కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తే, అక్కడ మిగిలిన పిల్లలు తిండి లేక చస్తాయి. ఒకే పగడం మీద ఆధారపడి బతకడమే వాటి బలహీనత.

జోయాంతిడ్‌లని తినే న్యూడిబ్రాంక్ మోసం ఇంకా ముచ్చటగా ఉంటుంది. జోయా అంటే చిన్న చిన్న పూల గుత్తిలా ఉండే మెత్తటి పగడం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లంతా ముందు కొనేది అదే. ఈ నత్త ఆ జోయాలనే తిని, వాటి రంగుని ఒంటి కుచ్చుల్లోకి ఎక్కించుకుంటుంది. పచ్చ జోయాల మీద పచ్చగా, నారింజ వాటి మీద నారింజగా ఉంటుంది. రాత్రి లైట్లు ఆర్పిన గంట తర్వాత, ఫోన్ టార్చ్‌కి ఎర్ర జిలుగు కాగితం చుట్టి చూస్తే, ముడుచుకున్న జోయాల మధ్య ఒక పువ్వు మాత్రం మెల్లగా పక్కకి జరుగుతూ కనిపిస్తుంది. దాని దగ్గర్లోనే దారం చుట్టలా, సర్పిలంగా గుడ్ల తాడు ఉంటుంది. జోయాలని తినే ఇంకొకటి చదరంగం బల్ల గడుల్లాంటి నలుపు తెలుపు గీతలున్న గుండ్రటి నత్త. అది చూడ్డానికి అందంగా ఉంటుంది, గవ్వలు ఏరుకునే అలవాటున్న ఊళ్లో దాన్ని పారేయడానికి మనసొప్పదు. పారేయాల్సిందే.

జోయాలని పట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. జోయాలున్న రాయిని వేడినీళ్లలో మరిగిస్తే ఆ విషం ఆవిరితో ఇంట్లో గాలిలోకి చేరుతుంది, ఇలా కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. చీడ పట్టిన రాయిని మరిగించి శుభ్రం చేద్దామనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా జోయాలని కోయకూడదు.

రెడ్ బగ్స్ సంగతి క్లుప్తంగా. ఇవి అర మిల్లీమీటరు ఉండే పసుపు రంగు జీవులు, ఒంటి మీద ఒక ఎర్రచుక్క. రొయ్యలకి దూరపు చుట్టాలు. నున్నగా ఉండే అక్రోపోరాల మీద దుమ్ములా పాకుతుంటాయి. వెంటనే చంపవు, పగడం పెరుగుదలని ఆపేస్తాయి, పగడం ఒంటి మీది పువ్వుల్లాంటి నోళ్లు, అంటే పాలిప్‌లు, బయటికి రావు. వీటికి కుక్కల గుండెలో చేరే హార్ట్‌వార్మ్ అనే పురుగు రాకుండా ఇచ్చే మిల్బెమైసిన్ ఆక్సైమ్ బాగా పని చేస్తుంది. చిక్కంతా ఏమిటంటే రెడ్ బగ్‌ని చంపే మందు రొయ్యనీ పీతనీ కూడా చంపుతుంది. ట్యాంకులో శుభ్రం చేసే రొయ్యలున్నవాళ్లు వాటిని ముందే బయటికి తీయాలి. నీళ్లలో కంటికి ఆనని చిన్న కోపిపాడ్‌లు, చేపలకి తిండి అయ్యేవి, వాటిని మాత్రం తీయలేం. అవి పోతాయి. అందుకే ట్యాంకు మొత్తానికి మందు వేయడం చివరి మార్గంగానే ఉంచుకోవాలి.

ఇప్పుడు విశాఖలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ప్రమాదం. అమెరికాలో అభిరుచి ఉన్నవాళ్లు పగడాల డిప్‌కి ఒకప్పుడు బేయర్ కంపెనీ అమ్మిన ఇంటి తోటల పురుగుమందు వాడతారన్నది ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. దానిలో ఉండేది ఇమిడాక్లోప్రిడ్, బీటా సైఫ్లుత్రిన్ అనే రెండు మందులు, రెండూ ఒక్క శాతం లోపే. ఇక్కడ ఎరువుల దుకాణానికి వెళ్లి ఇమిడాక్లోప్రిడ్ అడిగితే చేతిలో పెట్టేది కాన్ఫిడార్, వరికీ మిరపకీ పత్తికీ కొట్టేది. దానిలో ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం. అంటే ఆ అమెరికా సీసా కన్నా ఇరవై రెట్లకి పైనే గాఢం. దానికి చెప్పిన మిల్లీలీటర్ల లెక్క దీనికి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా రెండింటిలో మందుని నీళ్లలో కలిపే ద్రావకాలు కూడా వేరు, పగడానికి ఏది పడదో సీసా మీద రాసి ఉండదు. మనుషులకీ ఇవి విషాలే. వంటింటి గిన్నెలో, చెంచాతో కలిపే సరుకు కాదు. పగడాల కోసమే తయారుచేసిన డిప్ సీసా ఖరీదెక్కువని వెనకాడేవాళ్లు ఒక మంచి ఫ్రాగ్ ధరతో దాన్ని పోల్చుకుంటే చాలు.

అయోడిన్ గురించి కూడా ఒక అపోహ ఉంది. బెటాడిన్ చుక్కలు వేసి ముంచితే అన్నీ పోతాయనుకుంటారు. అయోడిన్ కోసిన గాయానికి, బాక్టీరియాకి పనికొస్తుంది. చదును పురుగుకి అది పెద్దగా ఆనదు. ముక్క కోసిన వెంటనే ముంచడానికి అయోడిన్, పురుగుకి పురుగు డిప్. ఒకటి చేసి రెండోది చేసినట్టు లెక్కేసుకోకూడదు.

గుడ్డుని ఏం చేయాలి మరి? మందు లేదు కాబట్టి చేత్తోనే తీయాలి. అన్నిటికన్నా మేలైన పని ఆ బిళ్లని పారేయడం. పగడం ముక్కని బిళ్ల మీంచి విరిచి, గుడ్లు ఎక్కువగా ఉండే ఆ అడుగు భాగాన్ని, ఒంటి పొర చచ్చిన చోటుని కట్టర్‌తో కోసేసి, మిగిలిన బతికున్న కొమ్మని కొత్త బిళ్ల మీద జిగురుతో అతికించాలి. ఫెవిక్విక్ రకం జిగురు, అంటే సైనోఅక్రిలేట్, నీళ్లలో గడ్డకట్టాక పగడానికి హాని చేయదు. దీనిలోనూ జెల్‌లా చిక్కగా ఉండేదైతే పట్టు బాగుంటుంది. కోసేయడానికి వీల్లేని చోట పాత టూత్‌బ్రష్‌తో తోమాలి, బ్లేడు మొనతో గీకాలి. ఆ చుక్కలు గట్టిగా అంటుకుని ఉంటాయి, నీళ్లు కొడితే రాలవు. కళ్లద్దాలు పెట్టుకునే వయసువాళ్లకి వాచీ రిపేరు చేసేవాళ్ల భూతద్దం లాంటిది ఒకటి ఉంటే పని సులువవుతుంది.

గీకేసినా ఒకటో రెండో మిగులుతాయి. అందుకే క్వారంటైన్.

ఈ మాట విశాఖలో కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరం లేదు. భీమిలి దాటి భోగాపురం వైపు తీరం వెంట వెళ్తే ఎన్నో రొయ్యల హేచరీలు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి కోస్తా జిల్లాల్లో టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేసింది. అది వైరస్, దానికి మందు లేదు. అప్పుడు నేర్చుకున్న పాఠం ఏమిటంటే చెరువులో వ్యాధి వచ్చాక చేసేదేమీ ఉండదు, చూసుకోవాల్సింది తల్లి రొయ్య దగ్గర, సీడ్ అనే రొయ్య పిల్లల దగ్గర. 2009లో వనామి రొయ్యకి అనుమతి ఇచ్చినప్పుడు విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని నేరుగా హేచరీకి పంపకుండా, చెన్నైలో ప్రభుత్వం ఏర్పాటు చేసిన క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించి, అప్పుడే వదిలే పద్ధతి పెట్టారు. హేచరీ గుమ్మంలో పర్మాంగనేటు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికెళ్లే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి సంచిలోని ఫ్రాగ్‌ని తిన్నగా ట్యాంకులో వదిలితే అది తెలియక చేసిన పని కాదు. అది ఇంట్లో కాబట్టి ఏం కాదులే అనే ధీమా.

దుకాణాల్లో వినిపించే మాట కూడా ఆ ధీమాకి తగ్గట్టే ఉంటుంది. "డిప్ చేసే పంపించారు సార్, ఏటీ అవదు, తిన్నగా వేసియ్యండి." చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. డిప్ నిజంగానే చేసి ఉండవచ్చు. డిప్‌కి గుడ్డు చావదన్న సంగతే ఆ మాటలో ఉండదు.

క్వారంటైన్ ట్యాంకు అంటే మళ్లీ ఒక పెద్ద ఖర్చు అనుకోనక్కర్లేదు. ఇరవై, ముప్ఫై లీటర్ల గాజు తొట్టె, నీళ్లని తిప్పే ఒక చిన్న పవర్‌హెడ్ పంపు, మామూలు ఎల్ఈడీ లైటు, స్పాంజి ఫిల్టర్. దానిలో రాళ్లూ ఇసుకా వేయకూడదు. అడుగు ఖాళీగా ఉంటేనే పడిన పురుగు కనిపిస్తుంది, సైఫన్‌తో లాగేయొచ్చు. పెద్ద ట్యాంకు నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లనే దీనిలోకి వాడుకోవచ్చు, దీనిలోంచి దానిలోకి మాత్రం ఒక్క చుక్క కూడా వెళ్లకూడదు. నెట్, పట్టకారు, సిరంజి అన్నీ వేరుగా ఉండాలి. అక్రోపోరా, మోంటిపోరాలని కనీసం ఆరు వారాలు ఉంచాలి, ఈ ఆరు వారాల్లో డిప్‌లు కేలెండర్ ప్రకారం పడాలి. చివరి రెండు తనిఖీల్లో పురుగు, గాటు, గుడ్డు ఏదీ కనిపించకపోతే అప్పుడు పెద్ద ట్యాంకు.

చేపలున్న ట్యాంకుకైతే ఇంకా పొడుగు లెక్క ఒకటుంది. చేపలకి వచ్చే తెల్లచుక్కల జబ్బు, సముద్రపు ఇచ్, పగడానికి రాదు. ఆ పరాన్నజీవి తన దశల్లో ఒకదానిలో చేపని వదిలి, గట్టిగా ఉండే ఏ ఉపరితలానికైనా తిత్తిలా అతుక్కుంటుంది. ఫ్రాగ్ బిళ్ల కూడా దానికి ఒక ఉపరితలమే. వేరే ట్యాంకులో చేపలతో కలిసి పెరిగిన పగడం దాన్ని మోసుకొస్తుంది, డిప్ దాన్ని చంపదు. అందుకే జాగ్రత్తపరులు పగడాన్ని చేపలు లేని తొట్టెలో 76 రోజులు ఉంచుతారు. అంత ఓపిక అందరికీ ఉండదు, అది నిజం. కానీ ఏ ప్రమాదాన్ని నెత్తినెత్తుకుంటున్నామో తెలిసి ఆ రోజుల్ని తగ్గించుకోవడం వేరు, తెలియక తగ్గించుకోవడం వేరు.

ఇదంతా విన్నాక ట్యాంకులో కదిలే ప్రతిదాన్నీ చంపాలనే టెన్షన్ మొదలవుతుంది. అది ఇంకో తప్పు. రాత్రి టార్చ్ వేస్తే రాళ్ల సందుల్లోంచి గొంగళిపురుగులా వెంట్రుకలున్న పురుగులు బయటికొస్తాయి, బ్రిసిల్‌వార్మ్‌లు. ముట్టుకుంటే గొంగళి పురుగు లాగే దురద పెడతాయి, అందుకే వాటికి చెడ్డపేరు. వాటిలో చాలావరకు చేసేది చేపలు తినకుండా వదిలిన మేత, కుళ్లిన చెత్త తినడం. చచ్చిపోతున్న పగడం మీద ఇవి కనిపిస్తే, చంపింది ఇవే అనుకుంటారు. శవం దగ్గర కాకి కనిపిస్తే కాకి చంపిందని అనం కదా. గాజు మీద పాకే చిటికెన వేలి గోరంత నక్షత్ర చేపలు, ఆస్టెరినాలు, చాలా ట్యాంకుల్లో శైవలం నాకుతూ బతికేస్తాయి. వెర్మెటిడ్ నత్తలు మాత్రం ఓపికని పరీక్షిస్తాయి. రాయికి సున్నపు గొట్టంలా అతుక్కుని, సాలెపురుగులా జిగురు వలలు విసురుతాయి, ఆ వల తగిలిన పగడం ముడుచుకుపోతుంది. గొట్టం మూతిని విరిచి ఒక బొట్టు జిగురు వేస్తే సరి. వందలున్నప్పుడు సరి అనడం ఎంత తేలికో చేయడం అంత కష్టం.

ఐప్టేషియాది వేరే తరహా. అది పగడాన్ని తినదు, ఒరుసుకుని కాలుస్తుంది. గోధుమరంగు గాజు పువ్వులా రాయి మీద ఒకటి కనిపిస్తుంది, నెల తిరిగేసరికి పది. దాన్ని పీకడానికి ప్రయత్నిస్తే అడుగున మిగిలిన చిన్న కండ ముక్కల్లో ఒక్కోటీ ఒక్కో కొత్త ఐప్టేషియా అవుతుంది. అందుకే గీకకూడదు, కోయకూడదు, తాకేలోపే లోపలికి మందు ఎక్కాలి. ఎక్కువమంది వాడేది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నం. తాంబూలంలో రాసుకునే సున్నమూ రసాయనికంగా అదే, కానీ కిళ్లీ సున్నంలో ఏం కలిపారో తెలియదు కాబట్టి అక్వేరియానికి అమ్మే పొడినే వాడాలి. పొడిని ఆర్‌ఓ నీళ్లతో పెరుగంత చిక్కగా కలిపి, సిరంజితో దాని నోటి మీద మెల్లగా వదిలితే అది తిండి అనుకుని మింగుతుంది, లోపల కాలి పోతుంది. పంపులన్నీ పది నిమిషాలు ఆపి ఉంచాలి, లేకపోతే ఆ సున్నం పక్కనున్న పగడం మీద పడుతుంది. ఒకేసారి నాలుగైదు కన్నా ఎక్కువ చేస్తే నీళ్ల పీహెచ్ ఎగిరిపోతుంది. ఐప్టేషియాని మాత్రమే తినే బెర్గియా అనే న్యూడిబ్రాంక్ కూడా ఉంది. ఒక న్యూడిబ్రాంక్ కోసం డిప్ చేస్తూ ఇంకో న్యూడిబ్రాంక్‌ని డబ్బులిచ్చి కొనుక్కోవడం ఈ అభిరుచిలో మామూలే.

తినే చేపల మీద మరీ ఆశ పెట్టుకోవడం మంచిది కాదు. ఆరు గీతల రాస్, పసుపు కోరిస్ రాస్ లాంటి చేపలు చదును పురుగుల్ని ఏరుకు తింటాయి. అవున్న ట్యాంకులో చీడ అదుపులో ఉంటుంది. అదుపులో ఉండడమంటే పోవడం కాదు. కొమ్మల సందులో ఉన్న గుడ్డుని చేప చూడదు. పైగా చేప తింటూనే ఉంటుంది కాబట్టి చీడ ఉన్న సంగతి నెలల తరబడి బయటపడదు. ఆ ట్యాంకులోంచి ఒక ముక్క విరిచి స్నేహితుడికి ఇచ్చినప్పుడు, రాస్ లేని వాళ్లింట్లో బయటపడుతుంది. ఊళ్లో చీడ చేతులు మారేది ఎక్కువగా ఇలాగే. దుకాణాల నుంచి కొనే ఫ్రాగ్‌కి తీసుకునే జాగ్రత్త స్నేహితులిచ్చిన ఫ్రాగ్‌కి తీసుకోరు, మొహమాటం.

ఒక చట్టం సంగతి కూడా. రాతి పగడాలన్నీ, వాటితో పాటు సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్లు), నల్ల పగడాలు కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్‌లోనే. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం విదేశాల నుంచి రావాలన్నా పత్రాలు కావాలి. పత్రాలు లేని పగడం ఏ దిబ్బ మీంచి విరిచిందో తెలియదు. చట్టం మాట అలా ఉంచినా, అడవి పగడం మీద ఏమేం పాకుతున్నాయో కూడా తెలియదు.

ఇక మిగిలింది డిప్ అయిపోయాక గిన్నెలో ఉన్న నీళ్లు. చచ్చిన పురుగులు, చావని గుడ్లు, పురుగుమందు, పగడం వదిలిన జిగురు అన్నీ దానిలోనే ఉంటాయి. చాలామంది దాన్ని బయటి కాలువలో పోసేస్తారు. విశాఖలో కాలువ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది, రొయ్యకీ పీతకీ ఆ మందు ఎంత తక్కువైనా విషమే. ట్యాంకు ఎత్తేసేవాళ్లు మిగిలిన పగడాల్నీ రాళ్లనీ "పాపం, బతుకుతాయి" అని బీచ్‌లో వదలడం ఇంకో పని. 1984లో మొనాకో దగ్గర ఇలాగే అక్వేరియం నుంచి బయటపడిన కాలెర్పా అనే నాచు మధ్యధరా సముద్రం అడుగున వేల ఎకరాలు కప్పేసింది. తీసేసిన బిళ్లలు, కోసేసిన ముక్కలు, ఐప్టేషియా పట్టిన రాళ్లు ముందు రెండు రోజులు ఎండలో పెట్టాలి. బాగా ఎండాక చెత్తబుట్టలోకి. డిప్ నీళ్ల విషయానికొస్తే, సీసా మీద పారబోయమని ఎలా రాసి ఉంటే అలాగే, వాన నీటి కాలువలోకి మాత్రం వద్దు. గిన్నెనీ, సిరంజినీ వంటింటి సింకులో కాకుండా వేరేగా కడిగి, వాటి మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఇంకెవరైనా వాటిని మామూలు గిన్నెలనుకునే ప్రమాదం ఉంటుంది.